రెండో వంత ఎక్కడ? చిన్న బడ్జెట్ జోడీ పోలీసు సినిమాల గురించి

హుజూర్‌నగర్‌లో ఆ మధ్య ఒక సాయంత్రం పది పన్నెండు మందిమి కూచుని సాహిత్యం గురించి మాట్లాడుకున్నాం. చర్చ నవల మీద మొదలై, మామూలుగా జరిగేటట్టే, సినిమా మీదికి మళ్లింది. ఈ తరం చదవదనీ, చదివే సమయాన్ని సెల్‌ఫోన్ తినేస్తున్నదనీ, అందులోనూ అర్థం పర్థం లేని దొంగా పోలీసు సినిమాలు చూసి పడీ పడీ నవ్వుతున్నారనీ ఒక పెద్దాయన బాధపడ్డారు. అవునని తల ఊపిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. అప్పుడు గోడవారగా కూచున్న ఒక కుర్రవాడు లేచాడు. అతను డిగ్రీలో తెలుగు చదువుతూ, మిగిలిన పూట మోటారు సైకిలు మీద ఇళ్లకు పార్సిళ్లు చేరవేసే పని చేస్తాడట. "సారూ, చూడొద్దని చెప్తరు గని, ఎందుకు చూస్తున్నరని ఒక్కరన్న అడుగుతలేరు" అన్నాడు.

మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. విమర్శకుడి మొదటి పని ప్రశ్న అడగడం. ఆ పని మేం చెయ్యలేదని ఒక విద్యార్థి గుర్తు చెయ్యవలసి వచ్చింది. ప్రజలు దేన్ని ఇష్టపడుతున్నారో, ఎందుకు ఇష్టపడుతున్నారో తెలుసుకోవడం అభ్యుదయ రచయితకు చిన్నతనం కాదు. ఫాసిస్టు చెరసాలలో ఉండి గ్రాంసీ డిటెక్టివ్ నవలల ప్రజాదరణ గురించి ఆలోచించాడు. బ్రెష్ట్ వాటిని ఇష్టంగా చదివాడు, వాటి గురించి రాశాడు. అంతదూరం ఎందుకు? 1952లో ఈ హుజూర్‌నగర్ నుంచే శాసనసభకు వెళ్లిన మఖ్దూం మొహియుద్దీన్ నజ్మ్ ఒకటి 1964లో 'చా చా చా' అనే హిందీ సినిమాలో పాట అయింది. జనం గుమిగూడే చోటును ఆయన అంటరానిదిగా చూడలేదు. కనక ఆ కుర్రవాడి ప్రశ్నకు నాకు తోచిన జవాబు రాయడానికి ప్రయత్నిస్తాను.

1

మనం మాట్లాడుతున్న సరుకు ఏమిటో ముందు తేల్చుకోవాలి. ఒకరంటే ఒకరికి పొసగని ఇద్దరు మనుషులు. వాళ్ల నెత్తిన పడిన ఒక నేరం కేసు. చేతిలో డబ్బు లేదు, పైవాడి అండ లేదు. విడిపోదామంటే పని విడిపోనివ్వదు. స్థూలంగా ఇదీ ఈ సినిమాల చట్రం.

ఈ చట్రం హాలీవుడ్‌లో బాగా బలిసిందన్నది నిజమే. 1967లో వచ్చిన 'ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్'లో ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన నల్లజాతి డిటెక్టివూ, మిసిసిపీలోని చిన్న ఊరి తెల్ల పోలీసు అధికారీ ఒక హత్యను కలిసి విచారించవలసి వస్తుంది. 1982లో వచ్చిన '48 అవర్స్'లో తెల్ల పోలీసు, జైలు నుంచి రెండు రోజులకు బయటికి తెచ్చిన నల్లజాతి ఖైదీ. 1987లో వచ్చిన 'లెథల్ వెపన్' దీన్నొక లాభసాటి మూసగా మార్చింది. ఈ సినిమాల్లో ఎన్ని లోపాలున్నా ఒక సంగతి గమనించాలి. తమ దేశాన్ని నిలువునా చీల్చిన జాతి వివక్షను అవి ఒకే కారులో ముందు సీట్లో కూచోబెట్టాయి.

మన పక్కనే మలయాళంలో 1987లో 'నాడోడిక్కాట్టు' వచ్చింది. దాసన్, విజయన్ అనే ఇద్దరు యువకులు. ఒకడు బీకాం ప్యాసై ఆ పట్టాను కిరీటంలా మోసేవాడు, రెండోవాడు అంత చదువు లేనివాడు. దుబాయి చేరుస్తామని పడవెక్కించి, మద్రాసు ఒడ్డున దింపేసి పోతారు మోసగాళ్లు. అక్కడి దొంగలు వీళ్లను రహస్య పోలీసులనుకుని హడలిపోతారు. మరుసటి ఏడు వచ్చిన 'పట్టణప్రవేశం'లో వీళ్లు నిజంగానే సీఐడీలవుతారు. కేరళ యువకుల నిరుద్యోగం, గల్ఫు ఆశ, చదువు తెచ్చిన డాంబికం, ఇవన్నీ ఆ నవ్వులో ఉన్నాయి.

మరి మన సంగతి? పొసగని జంట మనకు కొత్త కాదు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క తగువులాడుకుంటుంటే తెల్లవార్లూ మేలుకున్న జాతి మనది. గిరీశం, వెంకటేశం కన్నా పొసగని జంట ఏముంది? పైగా 'కన్యాశుల్కం' ఒక రకంగా నేర పరిశోధన హాస్యమే. మారువేషం, దొంగ పెళ్లి, పెళ్లికూతురి అదృశ్యం, పోలీసు విచారణ, అన్నీ ఉన్నాయి. సారా దుకాణంలో బైరాగి ముందు హెడ్డు కనిష్టీబు ఎంత పలచబడిపోయాడో విద్యార్థులు ఒకసారి మళ్లీ చదువుకోవాలి. ప్రభుత్వపు టోపీ పెట్టుకున్న మనిషిని కల్లబొల్లి మాటల బైరాగి సరసన కూచోబెట్టి నవ్వించడం గురజాడ వంద ఏళ్లకు ముందే చేశాడు.

తర్వాత అద్దె లైబ్రరీల కాలం వచ్చింది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు మా బాల్యాన్ని ఏలారు. బస్టాండు దగ్గరి బడ్డీ కొట్లో పైసలిచ్చి తెచ్చుకుని, తెలుగు వాచకం మధ్య పెట్టుకుని చదివాను. అయితే అది గురుశిష్యుల జంట. మేధ అంతా యజమానిది, విధేయత అంతా అనుచరుడిది. ఇద్దరూ సమానంగా నిస్సహాయులైన జంట కోసం మనం చాలాకాలం ఆగవలసి వచ్చింది.

1993లో వచ్చిన 'మనీ' ఆ జంటను తెచ్చింది. అందులో పోలీసులు కారు హీరోలు. అద్దె కట్టలేని ఇద్దరు కుర్రవాళ్లు డబ్బు కోసం కిడ్నాపుకు దిగుతారు. 2019 జూన్‌లో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' నెల్లూరులో ఒక చిన్న గదిలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టింది. అదే ఏడాది డిసెంబరు 25న రితేష్ రాణా 'మత్తు వదలరా' విడుదలైంది. 2024 సెప్టెంబరులో దాని రెండో భాగం వచ్చింది. జోడీ పోలీసు సినిమా అన్న మాటకు తెలుగులో అన్నివిధాలా సరిపోయేది ఈ రెండో భాగమే. దాన్నే మా కుర్రవాడు నాలుగుసార్లు చూశాడట.

2

'మత్తు వదలరా'లో బాబూ మోహన్, యేసుదాసు పార్సిళ్లు చేరవేసే కుర్రవాళ్లు. నెలంతా తిరిగి చేతికొచ్చిన జీతం చూసి బాబు విసిగిపోతాడు. యేసు అతనికొక విద్య నేర్పుతాడు. డబ్బు లెక్కపెట్టేటప్పుడు ఒక 500 నోటు మాయం చేసి తక్కువిచ్చారనాలి. కథంతా ఆ ఒక్క నోటు నుంచే పుడుతుంది. దాని కోసం చేసిన చిల్లర మోసం అతన్ని ఒక అపార్టుమెంటులో శవం పక్కన నిలబెడుతుంది. రెండో భాగంలో ఆ ఉద్యోగాలు కూడా పోయి, వీళ్లు 'హీ టీం' అనే ప్రత్యేక దళంలో ఏజెంట్లవుతారు. 2014లో హైదరాబాదులో ఏర్పడిన 'షీ టీం'ల పేరు మీద అదొక ఎగతాళి. పోలీసు కొలువు వచ్చినా వీళ్ల బతుకు మారదు. విడిపించి తెచ్చిన సొమ్ములోంచే కొంత నొక్కేస్తుంటారు.

ఇక్కడే మొదటి జవాబు ఉందని నా అభిప్రాయం. ఈ సినిమాల ఆకర్షణ నేరంలో లేదు. హంతకుడెవరో తెలుసుకోవాలన్న ఉత్కంఠ మొదటిసారి చూసినప్పుడే తీరిపోతుంది. నాలుగోసారి చూసేవాడు ఇంకెందుకో చూస్తున్నాడు. నేను అడిగితే కుర్రవాడు ఇలా చెప్పాడు: "వాళ్లు పనిల ఉన్నట్టు ఉంటది సారూ. మాకు గూడ పక్కోనితోని పడదు. అయినా వాని బండి మీదనే పోవాలె."

ఈ మాట మీద ఎంతసేపు ఆలోచించినా తక్కువే. పాత కథల్లో స్నేహం మనసులు కలిసి పుట్టేది. ఇవాళ యువకుడు తన పక్కవాణ్ణి ఎంచుకోడు. గది అద్దె కలుపుతుంది, షిఫ్టు కలుపుతుంది, ఒకటే బండికి పోసే పెట్రోలు కలుపుతుంది. మా ప్రాంతంలో ఇది కొత్త సంగతేమీ కాదు. మేళ్లచెరువు, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర, మిర్యాలగూడ రైసుమిల్లుల్లో, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వాళ్లు ఒకే రేకుల షెడ్డులో వండుకుతింటారు. భాష కలవదు, తిండి కలవదు. మూట మాత్రం ఇద్దరూ కలిసే ఎత్తాలి. పనిమూలాన ఏర్పడిన ఈ బంధాన్ని, అందులోని చిరాకునూ ఆదరణనూ మన కథాసాహిత్యం ఎంతవరకు పట్టుకున్నదని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. ఈ సినిమాలు దాన్ని కొంతైనా పట్టుకున్నాయి. ప్రేక్షకుడు ఆ మేరకు తన ముఖం చూసుకుంటున్నాడు.

రెండో జవాబు బడ్జెట్టులో ఉంది. 'అంకుశం' (1989) నుంచి 'గబ్బర్ సింగ్' (2012), 'టెంపర్' (2015) దాకా మన స్టారు పోలీసుకు అనుచరులున్నారు గాని జోడీ లేదు. కోట్లు పోసి తెచ్చిన కథానాయకుణ్ణి పక్కవాడు చెంపదెబ్బ కొట్టకూడదు, తప్పు పట్టకూడదు, అతనికన్నా తెలివిగా మాట్లాడకూడదు. కానిస్టేబులు వేషం వేసిన హాస్యనటుడు దెబ్బలు తినడానికి ఉంటాడు. పెట్టుబడి తక్కువైన చోట ఈ నిషేధం సడలుతుంది. రాయితీగా ఇచ్చిన సమానత్వం కాదిది. ఇద్దరిలో ఎవడూ స్టారు కానందువల్ల తప్పనిసరై వచ్చిన సమానత్వం. అలాగే విదేశాల్లో పాటలకు డబ్బు లేదు కనక కథ అపార్టుమెంటు మెట్ల మీద, వంటగదిలో, లిఫ్టులో నడుస్తుంది. వంద కార్లు పేల్చలేరు కనక ఇద్దరు మనుషుల మాటలే నడపాలి. లేమి శిల్పాన్ని నిర్ణయించిన సందర్భమిది. మన నాటకోద్యమానికి ఇది తెలిసిన విద్యే. 1947లో 'మా భూమి' నాటకం ఊరూరా ఆడినప్పుడు పెట్రోమాక్సు దీపమూ రెండు తెరలూ తప్ప ఏమున్నాయి?

3

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి నేను ఈ సినిమాలకు వకాల్తా పుచ్చుకున్నానని మిత్రులు అనుకోవచ్చు. అసలు చిక్కు ఇప్పుడు మొదలవుతుంది. ఈ నవ్వు ఎవరి గురించి? ఎవరి పక్షాన?

మా ప్రాంతంలో 'పోలీసు' అన్న మాటకు ఒక చరిత్ర ఉంది. 1948 సెప్టెంబరులో సైన్యం టాంకులతో వచ్చినా దాని పేరు పోలీసు చర్యే. రజాకార్లు పోయిన తర్వాత, 1951లో సాయుధ పోరాటం విరమించే దాకా, ఊళ్లలో క్యాంపులున్నాయి. ఆ క్యాంపుల్లో ఏం జరిగిందో చెప్పిన ముసలివాళ్లను నా చిన్నతనంలో విన్నాను. వాళ్లు పోలీసుల మీద కూడా హాస్యాలాడేవారు. అది భయాన్ని జయించిన వాడి హాస్యం.

'మత్తు వదలరా' మొదటి భాగం విడుదలకు 19 రోజుల ముందు, 2019 డిసెంబరు 6న, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఒక దారుణ అత్యాచార హత్య కేసులో పట్టుబడిన నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ ఆ కాల్పులు చంపే ఉద్దేశంతోనే జరిపారని తేల్చి, పదిమంది పోలీసులను విచారించాలని సిఫారసు చేసింది. ఆ నివేదిక 2022లో బయటికి వచ్చేనాటికి పూలు చల్లిన చేతులు వేరే పనుల్లో ఉన్నాయి. అలా పూలు చల్లే మనస్తత్వాన్ని ఏళ్ల తరబడి పెంచింది స్టారు పోలీసు సినిమా. జోడీ సినిమా ఆ పాపం చెయ్యలేదు. పోలీసును దేవుణ్ణి చెయ్యడానికి బదులు మనలాంటి చిల్లర మనిషిని చేసింది. అది మెచ్చుకోదగ్గదే. అయితే స్టేషను లోపలి గదిలోకి మాత్రం అది కూడా మనల్ని తీసుకుపోలేదు.

ఆ గదిలోకి తీసుకుపోయిన సినిమాలూ ఉన్నాయి. కోయంబత్తూరు ఆటో డ్రైవరు ఎం. చంద్రకుమార్ తాను గుంటూరులో అనుభవించిన నరకాన్ని 'లాకప్' అనే నవలగా రాస్తే, వెట్రిమారన్ దాని ఆధారంగా 2015లో 'విసారణై' తీశాడు. ఆ స్టేషను మన తెలుగు గడ్డ మీదిదే. ఆ సినిమా తియ్యడానికి పొరుగు భాషవాడు రావలసి వచ్చింది. సాహిత్యంలో మనకు రావిశాస్త్రి ఉన్నాడు. 'ఆరు సారా కథలు'లో పోలీసువాడు నవ్వు పుట్టిస్తాడు, ఆ నవ్వే గొంతులో అడ్డుపడుతుంది. రావిశాస్త్రి ఇచ్చిన ఆ కొలతతోనే వీటినీ కొలవాలి.

ఆ కొలతతో చూస్తే తెలుగు జోడీ సినిమాలో పొసగకపోవడం అన్నది కేవలం స్వభావానికి సంబంధించింది. ఒకడు పిరికి, ఒకడు తెగువ గలవాడు. ఒకడు అమాయకుడు, ఒకడు జిత్తులమారి. అమెరికావాడు జాతిని తెచ్చాడు, మలయాళీ నిరుద్యోగాన్ని తెచ్చాడు. మన దగ్గర ఇద్దరు మనుషులు పొసగకపోవడానికి వెయ్యేళ్లుగా ఉన్న కారణం కులం. అది ఈ గదుల్లోకి అడుగు పెట్టదు. స్టేషనులో కానిస్టేబులుకు జీతం, హోంగార్డుకు దినభత్యం. ఒకే ఎండలో, ఒకే కూడలిలో నిలబడే ఈ ఇద్దరికన్నా సహజమైన జోడీ ఏ రచయితకు దొరుకుతుంది? ఆ జోడీ మీద ఒక్క సినిమా వచ్చినట్టు నాకు గుర్తులేదు. ఇక ఆడవాళ్లు ఈ కథల్లో అధికారిగానో, అపహరణకు గురైన మనిషిగానో ఉంటారు గాని, బండి మీద ఆ రెండో సీటు వాళ్లకు దొరకదు.

4

ఇతరులను విమర్శించి ఊరుకుంటే నిజాయితీ కాదు. నా సంగతి కూడా చెప్పాలి.

ఇరవై ఏళ్ల కిందట మా చిన్నాయన బావి మీది మోటారు పోయింది. ఏ స్టేషనో చెప్పను. దరఖాస్తు నేనే రాశాను. తెలుగు బాగా రాస్తానని నాకు పేరు. ఎవరి మీదనైనా అనుమానముందా అని అడిగితే, ఊరవతలి గూడెంలో ఉండే ఒక కుర్రవాడి పేరు చిన్నాయన చెప్పాడు. రైసుమిల్లులో హమాలీ పని చేసేవాడు. ఎందుకని నేనడగలేదు. అందమైన దస్తూరీలో ఆ పేరు రాసిచ్చాను.

విచారణకు ఇద్దరు వచ్చారు. రిటైరుమెంటుకు దగ్గరపడ్డ కానిస్టేబులు, పాతికేళ్ల హోంగార్డు. బండికి పెట్రోలు మేమే పోయించాం. దారి పొడుగునా ఇద్దరూ ఒకటే తగువు. "దిగిపోయేలోపన్న ఒక్క దొంగను పడ్తవా అన్నా?" అంటాడు చిన్నవాడు. "నీకు పర్మినెంటయ్యేలోపు నేను కాటికి పోత తమ్మీ" అంటాడు పెద్దవాడు. వెనక బండి మీద వస్తున్న నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మర్నాడు స్టేషనుకు వెళితే ఆ కుర్రవాడు నేల మీద కూచుని ఉన్నాడు. పెద్దవాడు చెప్తుంటే చిన్నవాడు కొడుతున్నాడు. మధ్యమధ్య ఇద్దరూ అవే హాస్యాలాడుకుంటున్నారు. నిన్న నన్ను నవ్వించిన గొంతులే అవి. మోటారు దొరకలేదు. రెండు రోజులకు కుర్రవాణ్ణి వదిలేశారు. నెల తిరక్కుండా అతను ఊరు విడిచి హైదరాబాదు పోయాడు.

తర్వాత ఆ ఇద్దరి మీద నేనొక కథ రాశాను. అచ్చయింది. బాగా నవ్వించిందని ఉత్తరాలు వచ్చాయి. ఆ కథ దారిలోనే, బండి మీదనే ముగుస్తుంది. స్టేషను దాకా పోదు. అందులో దరఖాస్తు రాసినవాడు కూడా లేడు.

కుర్రవాడి ప్రశ్న నన్ను ఎక్కడ తాకిందో ఇప్పుడు పాఠకులకు అర్థమై ఉంటుంది. ఈ సినిమాలు చేస్తున్న పని నేను ఇరవై ఏళ్ల కిందటే చేశాను. ఇద్దరి మధ్య తగువును వినోదంగా చూపి, ఆ ఇద్దరూ కలిసి మూడోవాడికి చేసిందాన్ని తెర వెనక వదిలేశాను. జోడీ కథలో ఎప్పుడూ ఒక మూడో మనిషి ఉంటాడు. ఇద్దరి రాజీ సాధారణంగా అతని వీపు మీదే కుదురుతుంది.

5

మన బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్య వంత, రెండోవారు రాజకీయ వంత. వాళ్లిద్దరూ పొసగని జంటే. ఒకడు కథను ఎగతాళి వైపు లాగుతాడు, రెండోవాడు పట్టుకుని దాన్ని ఈనాటి ధరల మీదికీ, దొరల మీదికీ, సర్కారు మీదికీ తెస్తాడు. ప్రజానాట్యమండలి రోజుల్లో నాజర్, సుంకర ఆ ప్రక్రియను పల్లెపల్లెకూ తీసుకుపోయినప్పుడు జనం రాజకీయ వంత కోసం మాత్రమే రాలేదు. హాస్య వంత కోసమూ వచ్చారు. వచ్చినవాళ్లు ఇద్దరి మాటా విని వెళ్లారు. ఒకడు నవ్విస్తే తెరుచుకున్న నోటిలో రెండోవాడు చేదు మందు పోశాడు. ఆ ఒప్పందం వల్లనే ఆ కళారూపం బలపడింది.

ఈ చిన్న సినిమాలు బుర్రకథకు వారసులేనని నాకనిపిస్తుంది. అవే రెండు గొంతులు, అదే వాగ్వాదం, అదే తక్కువ సామగ్రి. కాని రాజకీయ వంతను ఎక్కడో దారిలో దింపేశారు. ఇద్దరూ హాస్య వంతలే అయ్యారు. అందుకే జీతం చాలని కుర్రవాడు 500 నోటు కొట్టెయ్యడం మనకు కనిపిస్తుంది. ఆ జీతాన్ని అంత తక్కువగా నిర్ణయించినవాడు కనిపించడు. విలన్ ఒక వ్యక్తి. అతను చావగానే కథ తీరిపోతుంది, మర్నాడు జీతం మాత్రం అంతే ఉంటుంది.

అయితే దీనికి సినిమావాళ్లనే నిందిస్తే సరిపోదు. రాజకీయ వంత మాటలు రాయవలసింది మనం. మనం చాలాకాలంగా హాస్య వంతను కింద దింపి, రాజకీయ వంత ఒక్కణ్ణే వేదిక మీద నిలబెట్టాం. మన కథల్లో మనుషులు సరిగ్గా మాట్లాడతారు, సరిగ్గా ఆలోచిస్తారు, నవ్వరు. జనం నవ్వు ఉన్న చోటికి వెళ్లారు. వాళ్లు మనల్ని విడిచిపోయారని బాధపడుతున్నాం గాని, మనం వాళ్ల బండి మీది రెండో సీటు ఖాళీ చేసి దిగిపోయామని ఒప్పుకోవడం లేదు.

యువ రచయితలకు నేను చెప్పేది ఒకటే. ఈ సినిమాలను చూడండి. ఇద్దరు పేదవాళ్ల తగువు ఎంత సేపు నిలుస్తుందో, గది దాటకుండా కథ ఎలా నడుస్తుందో నేర్చుకోండి. ఆ తర్వాత ఆ ఇద్దరినీ స్టేషను లోపలిదాకా నడిపించండి. మూడో మనిషి పేరు చెప్పండి. దరఖాస్తు రాసిన చెయ్యి ఎవరిదో కూడా చెప్పండి. విద్యార్థులు వీటి మీద పరిశోధన చెయ్యాలనుకుంటే అధ్యాపకులు అడ్డుపడకూడదు.

ఆ సాయంత్రం సభ ముగిశాక కుర్రవాణ్ణి ఆపి, ఈ సినిమాల మీద ఒక వ్యాసం రాసి తెమ్మన్నాను. రాస్తానన్నాడు గాని, చీకటి పడకముందే మూడు పార్సిళ్లు ఇవ్వాలని వెళ్లిపోయాడు. బయట అతని కోసం ఇంకొకడు బండి స్టార్టు చేసి పెట్టుకుని, ఆలస్యమైందని తిడుతున్నాడు. నా పాత కథను నేను తిరగరాయడం మొదలుపెట్టాను. అది ఈసారి నేను రాసిచ్చిన దరఖాస్తు దగ్గర మొదలవుతుంది.